కూరేం చేశావని అడిగే హయాత్ బాషా

హయాత్ బాషా మంచివాడు. ఈ మాట ముందే చెప్పి పెట్టడం మేలు, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా విన్నాక చెబితే మీరు నమ్మరు. ఎనభై ఒకటి, ఎనభై రెండు ప్రాంతాల్లో షార్జాలోని రోలాలో ఉన్న మా తెలుగు ఆడవాళ్ళకు నొప్పులొస్తే ఆసుపత్రికి చేర్చింది అతనే. అలా చేరుస్తూ మా అందరి ప్రాణాలూ తోడేసిందీ అతనే.

అతనిది కడప జిల్లా, రాయచోటి దగ్గర ఒక పల్లె. ఇక్కడ ఒక బేకరీలో వ్యాను డ్రైవరు. పొద్దున్నే ఖుబూస్ రొట్టెలు, బన్నులు, రస్కులు ట్రేలకెత్తుకుని దుకాణాలన్నిటికీ వేసి వచ్చేవాడు. వారానికొకసారి కొండలు దాటి తూర్పు సముద్రం ఒడ్డున ఉన్న కల్బా దాకా పోయేవాడు. మిగతా వేళల్లో ఆ వ్యాను మా బిల్డింగు కిందే నిలబడి ఉండేది.

రోలాలో టాక్సీలకు కొదవ లేదు. కానీ నిండు చూలాలు చెయ్యెత్తితే ఆగే టాక్సీ తక్కువ. ఆ డ్రైవరుకు మనిషి కంటే తన సీటు మీద బెంగ ఎక్కువ. మా మొగుళ్ళు చూస్తే సైట్లలోనో వర్క్‌షాపుల్లోనో ఉంటారు, కబురు పంపే దారి ఉండదు. మా ఆయన మీరావలి ఏసీలు బాగుచేసేవాడు, ఏ పూట ఏ మిద్దె మీద ఉంటాడో ఆయనకే తెలిసేది కాదు. కాబట్టి ఏ గదిలో ఏ ఆడది నడుం పట్టుకుని కూర్చున్నా ముందు వినిపించే పేరు హయాత్ బాషాదే.

అతను రాకుండా ఉండడు. ఆ మాట నిజం. కానీ ఊరికే రాడు, మెట్లెక్కుతూనే దండకం అందుకుంటాడు.

"ఇది నిఖార్సైన నొప్పేనా, లేకుంటే పోయిన వారం మాదిరేనా? అర్బాబ్ నాకు బండి ఇచ్చింది రొట్టెలు మోసేదానికి తల్లీ, మీ కడుపులో గ్యాసు మోసేదానికి కాదు!"

అర్బాబ్ అంటే బేకరీ యజమాని, అరబ్బు. ఆయన ఏనాడూ ఏమీ అనలేదు. అనేదంతా ఇతనే అనేవాడు.

అతను విసుక్కోవడంలో కొంత న్యాయం లేకపోలేదు. మా ఫ్లాట్లో మూడు గదులు, మూడు కాపురాలు, ఒకే వంటిల్లు. పక్క గది హుస్సేనమ్మ తన తొలి చూలుకు ఒక్కతే మూడుసార్లు వ్యాను ఎక్కింది. ఒకసారి తలకాయ కూర అరక్క. ఒకసారి దుప్పట్లు ఉతికి నడుం పట్టేసి. ఇంకోసారి ఎందుకో ఆమెకే తెలియదు. ప్రతిసారీ నేను తోడు, ప్రతిసారీ రొట్టెల ట్రేల మధ్య కూర్చుని వెళ్ళడం, సిస్టరు చూసి ఇంకా టైముందని పంపించేస్తే మళ్ళీ ఆ ట్రేల మధ్యే కూర్చుని రావడం. తిరుగు దారి పొడుగునా హయాత్ బాషా సణుగుడు.

మూడోసారి ఆసుపత్రిలోని మలయాళీ సిస్టరుకు మమ్మల్ని చూడగానే ఓపిక నశించింది. మమ్మల్ని వరండాలోనే నిలబెట్టి, హిందీలో, చిన్నపిల్లలకు చెప్పినట్టు పాఠం చెప్పింది. నెలలు నిండే కొద్దీ గర్భసంచి బిగుస్తూ వదులుతూ తన పని తాను అలవాటు చేసుకుంటూ ఉంటుంది, అవి దొంగ నొప్పులు. వాటికి ఒక వరస ఉండదు. ఇప్పుడొకటి వస్తే ఇంకొకటి ఎప్పుడో వస్తుంది. కాసిని నీళ్ళు తాగి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నా, లేచి నాలుగడుగులు వేసినా సర్దుకుంటాయి. అసలు నొప్పులు దేనికీ లొంగవు. చాలామందికి నడుములో పుట్టి పొట్ట ముందుకు చుట్టుకొస్తాయి. పొట్ట గట్టిపడుతుంది, కాసేపటికి మెత్తబడుతుంది, మళ్ళీ గట్టిపడుతుంది. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య ఎడం తగ్గుతూ, నొప్పి పెరుగుతూ పోతుంది. ముదిరాక, నొప్పి వచ్చినప్పుడు మనిషికి నోట మాట రాదు. నెలలు నిండకముందే ఇలా వరసగా వస్తే మాత్రం ఇంట్లో కూర్చుని పరీక్షలు చేసుకోకండి, వెంటనే రండి అని కూడా చెప్పింది.

ఇంత పాఠంలో, గోడకానుకుని నిలబడ్డ హయాత్ బాషా చెవికెక్కింది ఒక్క ముక్కే. నొప్పి వస్తే మనిషికి నోట మాట రాదు. మిగతాదంతా ఆడవాళ్ళ గొడవ అనుకున్నాడు కాబోలు, తాళాలు వేలికి తిప్పుకుంటూ బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఆ వారంలోనే హుస్సేనమ్మ మళ్ళీ నడుం పట్టుకుంది. కబురందుకుని వచ్చిన హయాత్ బాషా గడప దగ్గరే ఆగిపోయాడు. లోపలికి తొంగి చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఈ పొద్దు ఏం కూర చేస్తివి వదినా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. హుస్సేనమ్మ మాత్రం అలవాటు కొద్దీ "వంకాయ..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, తలుపు పట్టుకుని వంగిపోయింది. ఆ మాట పూర్తి కాలేదు. అంతే, హయాత్ బాషా "యల్లా, యల్లా" అంటూ ముందు పరిగెత్తాడు. ఆ సాయంత్రమే హుస్సేనమ్మకు కొడుకు పుట్టాడు.

ఇక చూసుకోండి. ఆ రోజు నుంచి అదే శాసనం. ఎవరు పిలిచినా వస్తాడు, గడప దగ్గర నిలబడతాడు, కూరేంటని అడుగుతాడు. జవాబు పూర్తిగా వస్తే "ఖలాస్, టైముంది, పండుకోండి" అని వెళ్ళిపోతాడు. ఆగితే బండి తీస్తాడు. ఒకటి రెండుసార్లు ఆ లెక్క సరిపోయింది కూడా, దాంతో అతనికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. పొట్ట చూడాలి, ఎడం చూడాలి, నడుం సంగతి అడగాలి అని నేను మొత్తుకుంటే, "నువ్వు ఊరుకో అక్కా, ఇన్ని కాన్పులకు పోయినోణ్ణి, నాకు తెల్దా?" అనేవాడు. పోయింది వరండా దాకా. అక్కడ నిలబడి బీడీ కాల్చినంత మాత్రాన కాన్పులు తెలుస్తాయా?

ఇలా ఉండగా అతని భార్య వచ్చింది. అర్బాబు కాళ్ళావేళ్ళా పడి వీసా తెప్పించుకున్నాడు. మా ఫ్లాట్లో మూడో గది ఖాళీ అయితే అందులో దిగారు. పేరు షహర్బాను. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. అడిగిన దానికి జవాబు చెప్పేది, అడగనిదేదీ చెప్పేది కాదు. నాకేమో ఉదయం లేచింది మొదలు ఎవరో ఒకరితో మాట్లాడకపోతే పొద్దుపోదు. వంటింట్లో ఆమెతో వేగడం ఎంత కష్టమో నాకే తెలుసు.

వచ్చిన కొన్నాళ్ళకే నెల తప్పింది. అప్పుడు బయటపడింది, ఇది తొలి చూలు కాదని. ఒకరోజు వెల్లుల్లి వొలుస్తూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పుకొచ్చింది. మొదటి కాన్పప్పుడు హయాత్ బాషా ఇక్కడ దుబాయ్‌లో ఇటుకలు మోస్తున్నాడు. ఆమె పల్లెలో అత్త దగ్గరుంది. చిన్నతనం, తొలి నొప్పికే భయపడి వీధిలోకి పరిగెత్తి కనబడ్డ వాళ్ళందరికీ చెప్పుకుని ఏడ్చింది. రెండు రోజులు నొప్పులు పడింది. మగబిడ్డ, పుట్టి ఏడవలేదు.

మా వైపు పల్లెల్లో ఒక పట్టింపు ఉంది. నొప్పులు మొదలయ్యాయన్న సంగతి ఎంత తక్కువమంది చెవిన పడితే అంత మంచిదంటారు. తెలిసిన ప్రతి చెవికీ ఒక గంట చొప్పున కాన్పు ఆలస్యమవుతుందట. మా అమ్మ మంత్రసానిని పిలవాల్సి వస్తే కూడా "జల్లెడ కావాలంట, తీసుకుని రమ్మన్నారు" అని కబురు పంపేది. ఆమె జల్లెడ పట్టుకుని వచ్చేది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ షహర్బాను అత్త, చచ్చిన బిడ్డ అలా పక్కన ఉండగానే, "ఊరంతా చాటింపు వేసుకుంటివి, ఇంకేం బతుకుతాడు?" అన్నదట.

"ఆ మాట నువ్వు నమ్మావా?" అన్నాను.

"అందురికీ చెప్పింది నేనే గదక్కా" అంది, వెల్లుల్లి మీంచి తల ఎత్తకుండా. కంట్లో చుక్క నీరు లేదు.

నేను ఆ అత్తను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమెకు బుద్ధి లేకపోతే నీకన్నా ఉండొద్దా అని షహర్బానును కూడా కేకలేశాను. అంతా విని తల ఊపింది, లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది. గోడకు చెప్పినా కాస్త బీటలైనా వారేది.

పైగా ఇంట్లో రోజూ మొగుడి దండకం. అన్నం ముందు కూర్చుని, ఈరోజు ఫలానా గదిలో ఫలానా ఆమె ఉత్త పుణ్యానికి పిలిచిందనీ, ఈ ఆడవాళ్ళకు గ్యాసుకూ గర్భానికీ తేడా తెలియదనీ చదివేవాడు. ఆమె వడ్డిస్తూ వినేది. "నోరు మూసుకుని తిను, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి వింటోంది" అని గోడ ఇవతల నుంచి నేను అరిచిన రోజులున్నాయి. "నా పెండ్లాం అట్లాంటిది కాదులే అక్కా, శానా ధైర్యస్థురాలు" అనేవాడు గర్వంగా.

కల్బాలో మా అక్క రహమత్‌బీ ఉండేది. ఆమె మొగుడికి అక్కడ చిన్న దుకాణం. షహర్బానుకు ఎనిమిదో నెల వెళ్ళబోతుంటే, పుట్టింటివాళ్ళు దగ్గర లేని పిల్ల, గాజులు తొడుగుతాను తీసుకురమ్మని మా అక్క కబురు చేసింది. కాన్పుకు ఇంకా నెల ఉందని డాక్టరమ్మ చెప్పి ఉంది. హయాత్ బాషా ఎలాగూ రొట్టెలేసుకుని కల్బా పోయే రోజు. ముగ్గురం వ్యానులో ముందు కూర్చుని తెల్లవారాక బయల్దేరాం.

అక్కడ అంతా బాగానే జరిగింది. చుట్టుపక్కల ఉన్న తెలుగు ఆడవాళ్ళు వచ్చారు. మా అక్క గాజులు తెచ్చింది కానీ కొలత చిన్నదైంది. అరచెయ్యి నొక్కి నొక్కి తొడుగుతుంటే షహర్బాను ఒకటి రెండుసార్లు కళ్ళు గట్టిగా మూసుకుని పెదవి కొరుక్కుంది. గాజుల బాధ అనుకుని అందరం నవ్వాం. భోజనంలో చేపల పులుసు చేసింది మా అక్క. షహర్బాను రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది.

తిరుగు ప్రయాణంలో ఫుజైరా ఊరు దాటి కొండల్లోకి ఎక్కాం. హయాత్ బాషా స్టీరింగు దగ్గర, మధ్యలో షహర్బాను, కిటికీ పక్కన నేను. క్యాసెట్టులో తెలుగు సినిమా పాటలు. ఆమె చెయ్యి నా మోచేతి మీద ఉంది. కొత్త గాజులు బండి అదురుకు గలగలమంటున్నవి ఉన్నట్టుండి ఆగిపోయాయి. నా మోచెయ్యి నలిగిపోయింది. కాసేపటికి పట్టు వదిలింది, గాజులు మళ్ళీ మోగాయి.

"ఏందిమే?" అన్నాను.

"ఏం లేదక్కా. బండి కుదుపు."

కుదుపేదీ లేదు, రోడ్డు నున్నగా ఉంది. పాట అయిపోయి ఇంకో పాట వచ్చింది. అదీ అయిపోయింది. మళ్ళీ నా మోచెయ్యి నలిగింది. ఈసారి ఆమె పైట కింద నుంచి పొట్ట మీద చెయ్యి వేశాను. రుబ్బురోలు మాదిరి ఉంది. నా చెయ్యి కిందే మెల్లగా మెత్తబడింది.

సిస్టరు చెప్పిన పాఠం నాకు గుర్తుంది, గోడకానుకుని నిలబడ్డ వాళ్ళకు లేకపోయినా. సీసాలో నీళ్ళు తాగించాను. ఎడమ పక్కకు ఒరగమని, తన మొగుడి భుజానికి తల ఆనించాను. రెండు పాటలు పట్టలేదు, ఈసారి ఒక పాట దాటగానే మళ్ళీ బిగిసింది.

"నడుములోంచి వస్తందా?" అని చెవిలో అడిగాను. కళ్ళతోనే అవునంది. ఆ వెంటనే నా చెవి దగ్గరికి జరిగి గుసగుసగా అంది. "చెప్పాకక్కా. నీకు తెలిసిపాయ, ఒక గంట పెరిగిపాయ. ఇంకెవురికీ చెప్పాకు."

నాకు తల తిరిగిపోయింది. నెల ముందు కాన్పు. ఒక బిడ్డ పోయి ఉంది. అటు చూస్తే కొండ, ఇటు చూస్తే లోయ. షార్జా ఇంకా ఎక్కడో ఉంది. ఈమె చెవులు లెక్కపెట్టుకుంటోంది!

"హయాత్ బాషా, బండి వెనక్కి తిప్పు. ఫుజైరా ఆసుపత్రికి పద. నీ పెళ్ళానికి నొప్పులు."

అతను ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు. "ఏం బానూ? నొప్పులా?"

"లేదు" అంది.

"ఇంకా నెలుండాది గదక్కా" అన్నాడు నాతో. మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. అడుగుతాడని నాకు తెలుసు. అడిగితే దూకేస్తానని కూడా అనుకున్నాను. అడిగాడు.

"మధ్యాన్నం ఏం కూర తింటిరి బానూ?"

"చేపల పులుసు" అంది షహర్బాను. "చింతపండు ఎక్కువయింది. రహమతక్క దాంట్లోకి మామిడికాయ ముక్కలు గూడా ఏసింది. నీకు ఒక గిన్నెలో కట్టిచ్చింది, ఎనకాల ట్రేలో పెట్టినాం." ఒక్క మాట తడబడలేదు. ఆ చెప్పినంతసేపూ ఆమె గోళ్ళు నా మోచేతిలో దిగబడి ఉన్నాయి.

"చూస్తివా?" అన్నాడు హయాత్ బాషా నాకేసి. "ఉత్త దొంగ నొప్పులు. ఎన్ని చూళ్ళేదు!"

వీళ్ళిద్దరికీ సంబంధం కుదిర్చిన మహానుభావుడెవరో గానీ, నాకు దొరికితే అడగాల్సింది చాలా ఉంది. నిజమైన నొప్పిని గుర్తుపట్టలేని మొగుడు, వచ్చిన నొప్పిని ఒప్పుకోని పెళ్ళాం, మధ్యలో నేను. నేను కిటికీ వైపు తిరిగి తలుపు గొళ్ళెం పట్టుకున్నాను.

"ఆపుతావా, నన్ను దూకమంటావా?"

"యా అల్లా, ఏం మనిషివక్కా నువ్వు!" అంటూ రోడ్డు పక్కన ఒక ముళ్ళచెట్టు కింద ఆపాడు. ఇంజను ఆపాడు కానీ పాట ఆపలేదు. నేను దిగి, చుట్టూ తిరిగి వచ్చి, అతని వైపు తలుపు తీశాను.

"నీ చెయ్యి ఇట్టియ్యి."

"ఏందక్కా ఇది, నడిరోడ్డు మీద..."

"నీ పెళ్ళామే కదబ్బయా, పరాయిదా?" అతని చెయ్యి గుంజి ఆమె పొట్ట మీద పెట్టాను. ఇందరు ఆడవాళ్ళను ఆసుపత్రికి మోశాడు గానీ, నొప్పి అంటే చేతికి ఎలా ఉంటుందో ఆ మనిషికి ఏనాడూ తెలియదు.

"మెత్తగానే ఉండాది" అన్నాడు, నెగ్గినట్టు.

"ఉంచు. తియ్యబాక."

పాట సాగుతోంది. అతను నా వైపు విసుగ్గా చూస్తున్నాడు. ఆ చూపు అలా ఉండగానే ముఖం మారిపోయింది. అతని అరచేతి కింద పొట్ట ఒక పక్క నుంచి బిగుసుకుంటూ వచ్చి మొత్తం రాయైపోయింది. అతను చెయ్యి తీయబోయి తీయలేకపోయాడు. అలాగే ఉంచుకుని భార్య ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని, ముక్కుతో ఊపిరి వదులుతోంది. పొట్ట మెత్తబడింది. పాట ఇంకా అయిపోలేదు, మళ్ళీ బిగిసింది.

"ఎప్పుటి నుంచి?" అన్నాడు.

"పొద్దన. గాజులు తొడిగేటప్పుటి నుంచి."

"అడిగితే పులుసు సంగతి చెప్తివే!"

"నువ్వు అడిగిందదే గదా" అంది షహర్బాను. "నొప్పులని చెప్తే ఇసుక్కుంటావని... రోజూ అందురినీ ఇసుక్కుంటావు గదా." కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. "అప్పుడు అందురికీ చెప్తినని గదా బిడ్డ పాయ."

"ఎవురు చెప్పినారు నీకు ఆ మాట?"

"మీయమ్మ."

హయాత్ బాషా సీట్లోనే ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. తర్వాత గబగబా, ఎవరో తరుముతున్నట్టు చెప్పేశాడు.

"మోటారుబండి లేక పాయ బిడ్డ, బానూ. నీవల్ల కాదు. ఆసుపత్రికని నిన్నెక్కించుకున్న ఎద్దులబండి ఏట్లో ఇసకలో దిగబడి పొద్దంతా కదల్లేదంట, మా నాయన చెప్పినాడు. ఆ మాట ఇన్నంక గదా నేను ఇటుకలు మోసేది ఇడిచిపెట్టి డ్రైవింగ్ నేర్చుకుంటి. ఎవురు పిలిచినా అందుకే గదా పోతాండా."

ఆ ముక్క అతను ఏ మనిషికీ చెప్పి ఉండడు. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఈ మాట కడుపులో పెట్టుకుని ఇన్నాళ్ళూ మమ్మల్ని సాధించడం ఎందుకు? పెళ్ళానికొక్కదానికి చెప్పి ఉంటే సరిపోయేది కదా! మొగుడూ పెళ్ళాం ఒకరి మాట ఒకరు దాచుకుని, అన్నం పప్పు మాత్రం కలిసి తిన్నారు.

"మాటలు తర్వాత, బండి తియ్యి" అని నేను ఎక్కి తలుపేశాను.

వ్యాను వెనక్కి తిరిగింది. వెనక ట్రేలు ఒక దాని మీద ఒకటి పడ్డాయి, పులుసు గిన్నె ఎక్కడో దొర్లింది, ఎవరం పట్టించుకోలేదు. మలుపు తిరిగిన ప్రతిచోటా అతను గట్టిగా ప్రార్థన చేశాడు. ఇప్పుడు పాట మధ్యలోనే రెండేసి నొప్పులు. షహర్బాను నా ఒళ్ళోకి వంగిపోయింది. ఊరి మొదట్లోకి వచ్చేసరికి అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"బానూ, ఏం కూర తింటిరి? చెప్పు బానూ."

చెబితే బాగుండునని నేనూ అనుకున్నాను. ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు.

ఆసుపత్రి ముందు బండి ఆగీ ఆగకముందే హయాత్ బాషా దూకి లోపలికి పరిగెత్తాడు. ఇక ఆ అరుపు! మొదట అరబీలో, తర్వాత హిందీలో, అవి చాలవన్నట్టు తెలుగులో. "నా పెండ్లానికి నొప్పులు వస్తాండాయి! నెల ముందరే వస్తాండాయి! ఎవురన్నా రాండయ్యా!" వరండాలో బెంచీల మీద కూర్చున్న పఠాన్లు, బురఖాల్లో ఉన్న అరబ్బు ఆడవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు, మందులకు వచ్చినవాళ్ళు, అందరూ లేచి నిలబడ్డారు. ఒకాయన తలుపు తీసి పట్టుకున్నాడు, ఇంకొకాయన చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. షహర్బాను ఆ జనాన్ని చూసి నా చెయ్యి పట్టుకుని బావురుమంది.

"అక్కా, ఇంతమందికి చెప్పేసినాడక్కా! ఇంక రెండు దినాలక్కా! ఈ బిడ్డ గూడా పోతాదక్కా!"

ఆమెను లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసేశారు. హయాత్ బాషా ఆ తలుపు ముందే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు, ఆ పక్కనే తిరగనూ తిరగడు. ఎవరో పుణ్యాత్ముడు మా ఇద్దరికీ టీ తెచ్చిచ్చాడు. నా గ్లాసులో సగం కూడా కాలేదు, లోపల నుంచి పిల్లికూన అరిచినట్టు సన్నగా ఏడుపు వినిపించింది. ఒకసారి ఆగింది. మళ్ళీ మొదలైంది, ఈసారి కోపంగా, బాగా గట్టిగా.

ఆడపిల్ల. బరువు తక్కువ, కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో వెచ్చగా ఉంచాలి, కానీ ఊపిరి బాగా తీస్తోంది, భయం లేదని సిస్టరు వచ్చి చెప్పింది. హయాత్ బాషా అక్కడే నేల మీద కూలబడ్డాడు.

నన్ను లోపలికి పోనిచ్చారు. షహర్బాను కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. బిడ్డను చూశావా అంటే చూశానంది. కాసేపటికి అడిగింది.

"బయట శానామంది ఉండిరి గదా అక్కా?"

"వరండా నిండా ఉన్నారు."

"అందురికీ ఇనపడిందా?"

"నీ మొగుడి అరుపు కల్బాలో మా అక్కకు కూడా వినపడి ఉంటది. ఇప్పుడెందుకే ఆ గొడవ, పడుకో."

"అంతమందికి తెలిసినా ఇంత బిరీన వచ్చేసిందే" అంది, తనలో తాను లెక్క కట్టుకుంటున్నట్టు. ఆఖరికి నా కొంగు పట్టుకుంది.

"అయితే అప్పుడు గూడా... నేను చెప్పినందుకు కాదా అక్కా?"

ఇన్ని నెలలుగా ఆమె మీద పెంచుకున్న విసుగంతా ఎటు పోయిందో తెలియదు. "కాదే పిచ్చిదానా. నీవల్ల కాదు. ఎప్పుడూ కాదు" అన్నాను.

ఆమె గోడ వైపు తిరిగింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత గొంతు తెగినట్టు పెద్దగా ఏడుపు మొదలుపెట్టింది. నొప్పులప్పుడు కూడా అంత గొంతు రాలేదు ఆమెకు. సిస్టరు పరుగున వచ్చింది. పాప బాగానే ఉంది కదా, చెప్పాం కదా, ఇంకెందుకు ఏడుస్తోందని నన్ను అడిగింది.

ఈ బిడ్డ కోసం కాదని చెప్పాను.